వద్దన్నది నేనే

పదిహేనేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పనిలో ఉంటే అది గుర్తుండదు. చేతులు ఖాళీ అయిన క్షణంలో వచ్చి గుండె మీద కూర్చుంటుంది. నా భార్యకు చెప్పలేదు. మా పాస్టరు గారికి చెప్పలేదు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో పాటు నిలబడి పాపాల ఒప్పుకోలు గట్టిగా చదువుతాను. చదివిన ప్రతిసారీ ఈ ఒక్కదాన్ని మాత్రం పళ్ల వెనకాలే ఆపుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు అడగకండి. అతని పేరు మాత్రం చెప్తాను. విఠల్.

మా నాన్న సంగారెడ్డి దగ్గర ఊళ్లో మిషన్ బడి పంతులు. డిగ్రీ అయ్యాక నాకు పటాన్‌చెరులో, మందులకు ముడిసరుకు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఎనభైల చివరి మాట. విఠల్ అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. జోగిపేట మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్క బాలమణి పెంచింది. ఆమె జోగిపేట మార్కెట్లో కూరగాయలు అమ్మేది. ఇద్దరికీ ఒకే షిఫ్టు పడుతుండడంతో, హైవే పక్క ఊళ్లో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. పదిమందిలో అతన్ని ‘విఠలన్నా’ అని పిలిచేవాణ్ని. గదిలో ‘విఠల్’. అతను నన్ను ఎక్కడైనా ‘సారూ’ అనేవాడు. కాగితాల పని చేస్తానని వెక్కిరింపు.

ఆ గదిలో మేం స్నేహితులం మాత్రమే కాదు. రెండో ఏడు తిరిగేసరికి, ఒక ఇంట్లో ఆలుమగలు ఎట్లా ఉంటారో అట్లా ఒకరికొకరం అయిపోయాం. ఇంతకన్నా విడమర్చి రాయడం నాకు చేతకాదు. దానికి మేం పేరు పెట్టుకోలేదు. ఒక్కసారి కూడా దాని గురించి పగటిపూట మాట్లాడుకోలేదు. ఐదేళ్లు.

ఆ ఐదేళ్ల కోసం ఇప్పటికీ నా ప్రాణం లాగుతుంది. ఏముంది అందులో అని అడిగితే చెప్పడానికి పెద్ద సంగతులేం లేవు. సాయంత్రం పనినుంచి వచ్చి అతను జొన్నరొట్టె చేత్తో తట్టేవాడు. నేను గడప మీద కూర్చుని ఉల్లిగడ్డ కోసేవాణ్ని. హైవే మీద నడిచేటప్పుడు లారీలు వచ్చే వైపు అతనుండి నన్ను లోపలి వైపుకు నెట్టేవాడు. ఓసారి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ గుడికి తీసుకుపోయాడు. నేను లోపలికి రానని తెలుసు కాబట్టి చెప్పుల దగ్గర నిలబడమన్నాడు. బయటికొచ్చి కొబ్బరిముక్క చేతిలో పెట్టి, “ఇది కొబ్బరే. ఏం గాదు, తిను” అన్నాడు. మా ఇంట్లో తెలిస్తే ఊరుకోరు. తిన్నాను. అంత తియ్యటి కొబ్బరి మళ్లీ తినలేదు. క్రిస్మస్‌కు అతను మా ఊరొచ్చేవాడు. మా నాన్నకు అతనంటే ఇష్టం. ‘ఆ పిల్లాడు మాటమీద నిలబడే మనిషి’ అనేవాడు.

అవి ఎయిడ్స్ పేరు కొత్తగా వినబడుతున్న రోజులు. బస్టాండు గోడల మీద పుర్రె బొమ్మలతో పోస్టర్లు అంటించేవాళ్లు. వాటి ముందునుంచి పోయేటప్పుడు నేను తలొంచుకునేవాణ్ని. మా ఇద్దరి జీవితంలో మరెవరూ లేరు. అయినా ఆ బొమ్మ నన్నే చూస్తున్నట్టుండేది. నా భయానికి మొదలు అక్కడుందా? లేక నేను పుట్టుకతోనే పిరికివాణ్నా? ఇప్పటికీ తేల్చుకోలేను. భయపడిన వాళ్లంతా నేను చేసిన పని చెయ్యరు కదా.

ఒక ఆదివారం పొద్దున. నేను చర్చికి పోవడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. విఠల్ బయట బట్టలు ఉతుకుతున్నవాడు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. చేతులు తడిగానే ఉన్నాయి.

“సారూ, ఓ మాట చెప్పాలె. నవ్వొద్దు.”

“చెప్పు.”

“దొడ్డికి పోయినప్పుడల్లా రక్తం పడ్తుంది. నెల దాటింది. ఆడ గడ్డ లెక్క చేతికి తాకుతుంది. కూసుంటే ఒరుసుకుంటుంది. రేపు కంపెనీ డాక్టర్‌కు సూపిస్త.”

నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. చొక్కా గురించి ఆలోచిస్తున్న మనిషిని ఒక్క క్షణంలో ఇంకేదో అయిపోయాను.

“వద్దు.”

“వద్దా? ఎందుకు?”

“ఆడ బట్టలిప్పమంటరు. సూస్తరు. గడ్డ ఎట్లొచ్చింది, ఎవరితోనన్న పోతవా అని అడుగుతరు.”

“అడిగితే ఏముంది? నాకెర్కలేదంట.”

“నువ్వు చెప్పకున్నా వాళ్లకు తెలుస్తది. డాక్టర్లు పసిగడ్తరు. ఇగ కంపెనీల అందరికి తెలుస్తది. మా నాయిన దాంక పోతది. నా బతుకేం గావాలె?”

విఠల్ తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“మరెట్ల?”

“మొలలే అవి. బాయిలర్ కాడ వేడికి ఎందరికి లేవు? మందు నేను తెస్త. గంత పరేషాన్ గాకు.”

“నువ్వు గట్లంటే సరే” అన్నాడు. పోయి మిగతా బట్టలు ఉతుక్కున్నాడు.

నేను చర్చికి పోయాను.

అవి మొలలని నాకెట్లా తెలుసు? తెలియదు. నేను డాక్టర్ని కాదు, కాంపౌండర్ని కూడా కాదు. స్టోర్స్‌లో డ్రమ్ముల లెక్క రాసేవాణ్ని. అవి మొలలు కావడం నాకు అవసరం. ఆ అవసరాన్నే అతనికి మాటగా చెప్పాను. అతను నమ్మాడా? నమ్మినట్టు నాకోసం ఉండిపోయాడా? ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగలేను.

పటాన్‌చెరు మెడికల్ షాపులో మొలల మందని అడిగి ట్యూబు తెచ్చాను. తగ్గలేదు. తర్వాత బోర్డు పెట్టుకుని మొలలకు ఆకు మందిచ్చే ఒకాయన దగ్గరికి నేనే పోయి, మనిషిని చూపించకుండానే పొడి పొట్లాలు కట్టించుకొచ్చాను. కారం మానేయమన్నాను. మజ్జిగ తాగమన్నాను. అతను అన్నీ విన్నాడు. రోజుకు రెండు కట్టలు బీడీలు తాగేవాడు, వాటిని మాత్రం మానలేకపోయాడు. మధ్యలో కొన్ని రోజులు రక్తం ఆగేది. ఆగిన రోజున నేనెంత సంతోషపడేవాణ్నో చెప్తే మీరు నన్ను మంచివాడనుకుంటారు. అందులో సగం సంతోషం, ఇక డాక్టరు అక్కర్లేదన్నది.

ఏడాది గడిచింది. ఇంకా పైన ఐదారు నెలలు. ఒకరోజు సంగారెడ్డినుంచి బస్సులో వస్తున్నాం. సీట్లు ఖాళీగా ఉన్నా విఠల్ దారంతా కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. దిగాక, “ఇగ పోదామా డాక్టర్ కాడికి?” అన్నాడు. అప్పుడు మా ఇంట్లో నాకు సంబంధం ఖాయం చేస్తున్నారు. పిల్ల టీచరు. వాళ్ల నాన్న మా చర్చి పెద్దల్లో ఒకరు. “ఈ ఒక్క నెల ఆగు” అన్నాను. ఎందుకో చెప్పలేదు. అతను అడగలేదు. సంబంధం సంగతి అతనికి అప్పటికే తెలుసని తర్వాత తెలిసింది.

ఆ నెల అయిపోకముందే గజ్జల్లో బిళ్ల కట్టింది. ఒక మధ్యాహ్నం బాయిలర్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడు. కంపెనీ జీపులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. అక్కడినుంచి నగరంలోని పెద్ద ఆసుపత్రికి పంపారు. ముక్క తీసి పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చిన రోజు పక్కన నేనే ఉన్నాను. బాలమణక్క అప్పటికింకా రాలేదు.

డాక్టరు నడివయసు మనిషి. కోపిష్ఠి కాదు. “ఇది మొలలు కాదు. మలద్వారానికి వచ్చే క్యాన్సర్” అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, “మీరేమవుతారు?” అని అడిగాడు.

“ఒకే రూముల కిరాయికుంటం సార్. అంతే” అన్నాను.

ఆ ‘అంతే’ ఎవరూ అడగలేదు. నేనే చేర్చాను.

“ఎన్నాళ్లనుంచి రక్తం పడుతోంది?” అని డాక్టరు విఠల్‌ను అడిగాడు.

విఠల్ నన్ను చూడలేదు. చూస్తే నేనెక్కడ దొరికిపోతానో అని చూడలేదనుకుంటాను. “రెండు నెలల సంది సార్” అన్నాడు.

“రెండు నెలల్లో ఇంత పెరగదు. ముందే ఎందుకు రాలేదు? ఎందుకు దాచుకున్నావు?”

“సిగ్గయింది సార్.”

డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. అట్లా నా తప్పు ఆ కాగితం మీద అతని సిగ్గుగా నమోదైంది. నేను పక్కనే ఉన్నాను. నోరుంది. మాటలొచ్చు. ఒక్క మాట అనలేదు. ఎయిడ్స్ పరీక్ష కూడా చేశారు. లేదని వచ్చింది. అది విని నాకు మొదట కలిగింది విఠల్ కోసం ఊరట కాదు, నాకోసం. ఇదీ రాయాలి కదా. రాస్తున్నాను.

గడ్డ కరగడానికి కరెంటు పెట్టారు, రేడియేషన్. మధ్యలో నరానికి ఇంజెక్షన్లు ఎక్కించారు. కూర్చునే చోటంతా చర్మం కాలి ఊడిపోయింది. గడ్డ సగం కరిగి ఆగింది. ఆపరేషన్ చేసి, మలద్వారం మూసేసి, పొట్టకు ఎడమపక్క దారి చేసి సంచి తగిలించారు. అప్పటికి బాలమణక్క వచ్చి దగ్గరుండి చూసుకుంటోంది. డిశ్చార్జి అయ్యాక జోగిపేట తీసుకుపోయింది. వారం వారం వస్తానని చెప్పి పంపించాను. మూడో నెలలో నా పెళ్లయింది. ఏడాదిన్నరలో నేను పోయింది మూడుసార్లు.

మూడోసారి పోయినప్పుడు అతను మంచం మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. బాలమణక్క పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. “అక్కా, సారుకు పల్చగ తట్టు. దొడ్డువి తినడు” అన్నాడు. నేను తింటుంటే చూశాడు. మా ఆవిడ ఎట్లుందని అడిగాడు. మంచిదేనా అన్నాడు. మంచిదన్నాను. “గట్లుంటే సాలు” అన్నాడు. అక్క నీళ్లకోసం వాకిట్లోకి పోయిన రెండు నిమిషాల్లో నేను అతని చెయ్యి పట్టుకున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె చెప్పుల చప్పుడు విని వదిలేశాను. మా ఇద్దరికీ అదే ఆఖరు.

విఠల్ చనిపోయిన పదకొండోరోజుకు జోగిపేట పోయాను. చుట్టాలంతా తిన్నాక బాలమణక్క నన్ను పక్కకు పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

“బిడ్డా, వాని ఎంబడి ఉన్నది నువ్వే. నాకన్న ఎక్కువ నీకే ఎర్క. ముందుగాల వస్తే ఆపరేషన్ లేకుంటనే తగ్గుతుండె అన్నరు డాక్టర్లు. వాడు నీకేమన్న చెప్పిండా?”

“లేదక్కా.”

“అంతే. నోరు తెర్వకపాయె మొండోడు. సిగ్గుకు పాణం ఇచ్చుకున్నడు. నేను పెంచుడే గట్ల పెంచిన్నేమో. ఏదున్నా చెప్పుకునే తీర్గ పెంచకపోతి.”

అని నా తల నిమిరింది. నేను ఆ చెయ్యి కింద నిలబడ్డాను.

మీకు నేను చెప్పాలనుకున్నది ఇదే. వద్దన్నది ఒక తప్పు. పక్కన నిలబడి ఎవరో అన్నట్టుండడం ఒక తప్పు. కానీ ఆ రోజు ఆమెకు చెప్పిన ఆ ఒక్క మాట వాటన్నిటికన్నా పెద్దది. ఎందుకంటే ఆమె దాన్ని తన మీద వేసుకుంది.

ఫ్యాక్టరీలో తలా ఒక మాట అన్నారు. బోరునీళ్లు పచ్చగా వస్తాయి, వాటివల్లే అన్నారు. బాయిలర్ వేడివల్ల అన్నారు. మిరపకాయలన్నారు. నేను దేన్నీ కాదనలేదు. ఎవరు ఏ కారణం చెప్పినా తల ఊపాను. మా గదిదాకా రాని కారణమేదైనా నాకు మంచిదే.

అసలు సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్లకు. ఇప్పుడు మేముంటున్న పటేల్‌గూడలో ఆడవాళ్ల కోసం గర్భసంచి క్యాన్సర్ పరీక్షల శిబిరం పెడితే నా భార్యను తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ కూర్చున్న వాళ్లందరికీ చెప్తోంది. ఒంటికి ఒళ్లు తాకడం వల్ల పాకే ఒక వైరస్ ఉందట. పెళ్లయిన వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుందట. ఎక్కువమందికి దానంతటదే పోతుందట. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండి గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెస్తుందట. చివర్లో, అదే జాతి వైరస్ గొంతుకూ మలద్వారానికీ కూడా తెస్తుందని అంది.

నా భార్య లోపల ఉన్నంతసేపూ, నానుంచి ఆమెకు పాకిందేమోనని తలుపువైపే చూస్తూ నిలబడ్డాను. ఆమెకు ఏమీ లేదని చెప్పారు. ఆమెను ఆటోలో కూర్చోబెట్టి, ఏదో మరిచిపోయానని చెప్పి వెనక్కిపోయాను. నా స్నేహితుడొకడు అట్లాంటి క్యాన్సర్‌తో పోయాడని, ఎందుకొస్తుందో చెప్పమని అడిగాను. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆ వైరసే ముఖ్యమైన కారణమట. మగవాళ్లు మగవాళ్లతో కలిస్తే ప్రమాదం ఎక్కువేనట, కానీ అట్లాంటిదేమీ లేని వాళ్లకూ వస్తుందట. నిజానికి ఆడవాళ్లకే ఎక్కువమందికి వస్తుందట. బీడీ సిగరెట్లు దానికి తోడవుతాయట. ఎయిడ్స్ వల్లగానీ మందుల వల్లగానీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినవాళ్లకు ఇంకా తొందరగా వస్తుందట. నీళ్లూ వేడీ కారమూ కావట.

“మొలలు ముదిరి అవుతుందా అమ్మా?” అన్నాను.

“కాదండీ. మొలలు క్యాన్సర్‌గా మారవు. క్యాన్సర్‌నే మొలలనుకుని కాలం పోగొట్టుకుంటారు. రక్తం కనబడిన కొత్తల్లో వచ్చి చూపించుకుంటే చాలామందికి కోత లేకుండానే నయమవుతుంది.”

“ఎవరినుంచి ఎవరికి వచ్చిందో తెలుస్తుందా?”

ఆమె నన్ను కొంచెం పరీక్షగా చూసింది. “తెలియదు. తెలుసుకుని చేసేదీ లేదు. అది ఎవరి పాపమూ కాదు, ఒక జబ్బు” అంది.

ఎవరి పాపమూ కాదు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు బతకాలని చూశాను. జబ్బు ఎవరి పాపమూ కాదు, నిజమే. మేం ఒకరికొకరం అయినందుకు ఏ పోస్టరు బొమ్మా మమ్మల్ని శిక్షించలేదు. కానీ అతన్ని డాక్టరు దగ్గరికి పోనివ్వని ఆ ఏడాదిన్నర? అది వైరస్ చేసింది కాదు. అది నేను చేసింది.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. ఇల్లు కట్టుకున్నాను. నా భార్య మంచిది, అతనికి చెప్పింది అబద్ధం కాదు. అయినా సాయంత్రం ఏ ఇంట్లోనైనా రొట్టె తట్టే చప్పుడు వినబడితే నడుస్తున్నవాణ్ని ఆగిపోతాను. రోడ్డు మీద నడిచేటప్పుడు లారీల వైపు ఎవరూ ఉండరు. క్షమాపణ అడగడానికి కూడా కాదు, ఉత్తగా అతని పక్కన గడప మీద ఒక్క పూట కూర్చోవాలని ఉంటుంది. ఆ కోరిక తగ్గుతుందేమోనని ఇన్నేళ్లు చూశాను. తగ్గలేదు. తగ్గితే బాగుండునని కూడా ఇప్పుడు అనుకోవడం లేదు. అతనిది నా దగ్గర మిగిలింది అదొక్కటే.

బాలమణక్క ఇంకా ఉంది. మార్కెట్‌కు రావడం మానేసిందని విన్నాను. రెండుసార్లు జోగిపేట బస్సెక్కాను. ఒకసారి మధ్యలో దిగిపోయాను. ఇంకోసారి ఆమె వీధి మొగదాకా పోయి, ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతుంటే దూరంనుంచి చూసి వచ్చేశాను. చెప్తే ఆమెకు మేలా, నాకు మేలా? ఆమె గుండెల మీదనుంచి ఒకటి తీసి ఇంకొకటి పెట్టినట్టవుతుందా? ఇవన్నీ మంచి ప్రశ్నలే. వాటి వెనక దాక్కున్నది మాత్రం ఆ ఇస్త్రీపెట్టె పక్కన నిలబడ్డ మనిషే. మళ్లీ బస్సెక్కుతానని మీకు మాటివ్వను. నా మాట విలువెంతో మీకు తెలిసిపోయింది.

కానీ ఇన్నాళ్లూ లోకంలో ఒక అబద్ధమే ఉంది. విఠల్ సిగ్గుపడి నోరు తెరవలేదన్నది. ఇవాళ్టినుంచి దాని పక్కన నిజం కూడా ఉంది. నాతో పాటు ఇంకొకరికి తెలిసింది. అతను సిగ్గుపడలేదు. దాచుకోలేదు. నెల దాటగానే, తడిచేతులతో వచ్చి, డాక్టరు దగ్గరికి పోతానని చెప్పాడు. నాకు చెప్పాడు.